రంగు మారిన ద్రాక్షారసం

సెంటినరీ కాలనీలో మా పెద్దబాపు పోయాడని పోయిన వారం పెద్దమ్మ ఫోను చేసి చెప్పింది. "రాత్రి అన్నం తిన్నడు, పొద్దుగాల లేవలేదు బిడ్డా" అంది. బయట కొత్త రాష్ట్రం వచ్చిన సంబరంలో టపాసులు పేలుతున్నాయి. నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఆయన్ను సగం చంపింది ముసలితనం కాదు, మా చర్చి సంఘ పెద్దలు.

పెద్దబాపు బొగ్గుబాయిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. ఎప్పుడో ఒక ముసలి పాస్టరు గారింట్లో పోర్ట్ అనే తియ్యటి పాత వైన్ చెంచాడు రుచి చూశాడట. ఆ రుచి ఆయన్ను వదల్లేదు. చిన్న చెక్క పీపా తానే బిగించి, ఏటా నల్లద్రాక్ష పిండి పులియబెట్టి, పాతదాంట్లో కొత్తది కలుపుతూ ఏళ్ల తరబడి దాచాడు. ఒక్కటే ఆశ: అది మా చర్చిలో ప్రభువు రక్తానికి గుర్తుగా పంచే ద్రాక్షారసమై ప్రభు బల్ల మీదికి రావాలి.

రుచి చూసే రోజు ఇంట్లో తాలింపు పెట్టనిచ్చేవాడు కాదు. తెల్ల సాసరులో పోసి, కిటికీ దగ్గర వంచి రంగు చూసేవాడు. "ముందుగాల ముక్కుతోని తాగాలె, నోటికేం తొందర" అనేవాడు. ఒక గుక్క పుక్కిలించి, కళ్లు మూసుకుని, ఉమ్మేసేవాడు.

"ముందు ఖర్జూరపండు, ఎనుక ఏంచిన పల్లీలు. ఇంకా ఆగాలె."

"మింగని దానికి గింత కథనా!" అని పెద్దమ్మ విసుక్కునేది. ఆయన గ్లాసు నిండా తాగగా నేనెన్నడూ చూడలేదు.

కిందటి క్రిస్మస్‌కు, ఇక సరిపోయిందని ఒక సీసా నింపి చర్చికి తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ఏళ్లు గడిచి ఎరుపు పోయి, అది డికాక్షన్ రంగుకు వచ్చింది. సంఘ పెద్ద సీసా ఎత్తి చూసి మొహం చిట్లించాడు. మూత కూడా తీయలేదు.

"ఇది చెడిపోయింది. ప్రభువు రక్తం ఎర్రగుండాలె గదా. గిసోంటిది బల్ల మీద ఎట్ల పెడ్తం?"

"పాతదైతే గిట్లనే అయితది సారూ. బాయిల దెబ్బలు తగిలినోళ్లను మోసిన, వాళ్ల అంగీల మీద చూసిన. నెత్తురైనా ఆరినంక గిదే రంగు."

సంఘ పెద్ద సీసాను తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. ఆ రోజు కొట్లో కొన్న ఎర్ర షర్బత్తు నీళ్లలో కలిపి పంచారు. అది చాలనట్టు, ముసలాయన ఇంట్లో సారా కాస్తున్నాడని కాలనీ అంతా చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన చర్చికి పోలేదు. పీపా మూత మళ్లీ తీయలేదు. సిగ్గుతో కుంగిపోయాడు, అంతే.

సమాధి దగ్గర ఆ సంఘ పెద్దే నిలబడి నమ్మకమైన సేవకుడని పొగుడుతుంటే నా ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి టీ తాగాక ఆ పెద్దే పెద్దమ్మను మెల్లగా అడిగాడు: "వచ్చే ఆదివారం ఆయన జ్ఞాపకంగ ఆ పాత ద్రాక్షారసమే పంచుదామమ్మా. ఉన్నదా?"

"మనిషున్నప్పుడు చెడిపోయింది, మనిషి పోయినంక మంచిగైందా సారూ?" అంది పెద్దమ్మ.

వచ్చినవాళ్లు గడప దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. పెద్దమ్మ పీపాను ఒళ్లోకి లాక్కుని, దాని మూత మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని, నేల మీద అలాగే కూర్చుంది.