గాలికి చెప్పే మాట

మా హెప్సీ పెద్దమ్మ ఎవర్నీ నమ్మేది కాదు. జనాభా లెక్కలకొచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి వాడి తల్లి పేరడిగేది. చర్చికి కొత్త పాస్టరొస్తే ఆయన ప్రార్థన చేస్తున్నంతసేపూ ఒక కన్ను తెరిచే ఉంచేది. ఊరికే కాదు లెండి. ఆవిడ చిన్నప్పుడు చుట్టాన్నంటూ ఒకడొచ్చి, నాలుగు రోజులు తిని పడుకుని, వాళ్లమ్మకు చదువు రాదని కనిపెట్టి పొలం రాయించుకుపోయాడు. తర్వాత ఆ పొలంలో చమురు పడింది. ఇక మా ఊరు వెటుంకాలో మా గడపెక్కి "నేనూ మీవాణ్ణే" అన్నవాడి పని అయిపోయినట్టే.

అలాంటి మనిషి ముందుకు మనవడు ఎల్డన్ మా తాతల్ని తెల్లవాళ్లు తరిమేసిన అలబామా నుంచి ఒక తెల్లపిల్లను తీసుకొచ్చాడు. పేరు లొరీన్. చేసుకుంటానన్నాడు. వాడు పెద్దమ్మ కూతురి కొడుకు. తల్లి పోతే ఈవిడే పెంచింది.

ఉత్త తెల్లపిల్లయితే పెద్దమ్మ కాసేపు సణిగి ఒప్పుకునేదే. కానీ ఆ పిల్ల కూర్చోగానే, "మాలోనూ మీ క్రీకు తెగ రక్తం ఉందండీ" అంది.

నాకు ఒళ్లు మండింది. ఈ మాట అనని తెల్లవాళ్లెవరు? అడిగితే ప్రతివాడి అవ్వా మా తెగ రాజకుమారే.

"మీ అవ్వ కూడా రాజకుమారేనా?" అన్నాను.

"కాదండీ. ఇంగ్లీషు రాజు రోజుల్లో జింకతోళ్లు కొనడానికొచ్చిన స్కాట్లండు వర్తకుడి పెళ్లాం. సాలీ అనేవాళ్లట."

పెద్దమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "ఆవిడ నుంచి నీ దాకా చెప్పు. మగాళ్లు నాకక్కర్లేదు, ఆడవాళ్లనే చెప్పు."

మాలో గోత్రం తల్లిది. తండ్రి ఎవరైతేనేం! ఒకే గోత్రంలో పుట్టినవాళ్లు అన్నాచెల్లెళ్లు, వాళ్ల మధ్య పెళ్లి మాటే లేదు. ఎల్డన్‌దీ మాదీ గాలి గోత్రం.

పిల్ల తల్లుల పేర్లు తడుముకోకుండా చెప్పింది. పెద్దమ్మ కిందినుంచి పైకి చెప్పమంది. చెప్పింది. మధ్యలో ఆపి, "సాలీ కూతుర్ని ఎవరు పెంచారు?" అనడిగింది.

"తండ్రి కాదటండీ, మేనమామట. ఎందుకో మాకూ తెలీదు."

నాకు తెలుసు. మాలో పిల్లల్ని దారిలో పెట్టేది మేనమామే.

"గోత్రమేంటే?"

"అది తెలీదండీ. మీరు చెప్తారనే వచ్చా."

"చూశావా, అసలుది దాచేసింది" అని పెద్దమ్మ మా భాషలో నాతో అంది.

అంతలో పడమటినుంచి గాలి లేచింది. కప్పు రేకులు ఎగిరిపడుతుంటే పిల్ల లేచి గుమ్మం దగ్గరికెళ్లి, అరచెయ్యి బయటకు చాపి ఏదో గొణిగింది. పొయ్యి మీద జావ కలుపుతున్న పెద్దమ్మ చేతిలోని గరిటె కింద పడింది.

"ఏమన్నావ్?"

"మా అమ్మమ్మ అనేదండీ. అర్థం తెలీదు. కూతుళ్లకే నేర్పుతారు."

నాకు తెలుసు దాని అర్థం. 'మేం నీవాళ్లం, పిల్లలున్నారు, పక్కగా పో.' మా అమ్మ నాకు నేర్పిన మాట అది.

పెద్దమ్మ ఎల్డన్ మీద విరుచుకుపడింది. "నువ్వు నేర్పావురా?"

"నాకే రాదు కదే అమ్మమ్మా! నాకెప్పుడు నేర్పావు?"

నిజమే. మగపిల్లలకు ఆ మాట చెప్పం.

పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. "ఇది మన పిల్లేరా. గాలి గోత్రం. నీకు చెల్లెలవుతుంది."

"ఎప్పటి సాలీ, ఎప్పటి మాట!" అని ఎల్డన్ అరిచాడు.

"ఎప్పటిదైనా తల్లి తల్లే."

లొరీన్ ఎల్డన్‌ని చూసింది, పెద్దమ్మను చూసింది. "అంతా అబద్ధమండీ" అంది. "ఆ మాట సినిమాలో విన్నా. సాలీ లేదు, ఎవరూ లేరు. నేను ఉత్త తెల్లదాన్ని."

పెద్దమ్మ ఆ పిల్లనే చూసింది. నమ్మవే తల్లీ, అని నేను లోపల మొక్కుకున్నాను. బతుకంతా ఎవర్నీ నమ్మలేదు, ఈ ఒక్క అబద్ధం నమ్మితే నీ సొమ్మేం పోయింది!

"వచ్చిందగ్గర్నుంచి నువ్వాడిన అబద్ధం ఇదొక్కటే" అంది పెద్దమ్మ. లేచి సోఫ్కీ, అదే మా మొక్కజొన్న జావ, ఇంటి పిల్లకి పోసినట్టు గిన్నెలో పోసి, తన చేత్తో ఆ పిల్ల చేతికిచ్చింది. లొరీన్ గిన్నె పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ వేసవిలో కొత్త మొక్కజొన్న పండగకి లొరీన్ వచ్చింది. పండగ మైదానంలో మావాళ్లు వేసుకున్న బసలో పెద్దమ్మ పక్కనే నిలబడి అందరికీ వడ్డించింది. ఎల్డన్ దూరంగా బండికి ఆనుకుని ఉన్నాడు.

"చెల్లెలు వడ్డిస్తోంది, రారా" అని పెద్దమ్మ పిలిచింది.

వాడు రాలేదు.