సొరుగులో మోగిన ఫోను

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఫోను పొద్దున ఎనిమిదింటికి నా బల్ల సొరుగులోకి వెళ్ళేది, రాత్రి భోజనాల అంట్లు తోమాక బయటికి వచ్చేది. ఆ నియమం పెట్టింది నేనే. సింగపూర్‌లో చాలా ఇళ్ళలో ఉన్నదే, నేనేం కొత్తగా కనిపెట్టలేదు. పక్షవాతం వచ్చిన మా అత్తగారిని స్నానాల గదిలో కూర్చోబెట్టి, ఒకసారి తను ఫోను చూస్తూ నిలబడింది. ఆవిడ జారి పడబోయింది. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి ఫోను సొరుగులోనే.

తనది బర్మా. ముత్తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన కుటుంబం. తెలుగు మాట్లాడుతుందని ఏజెంటు చెబితే, అత్తగారికి కాలక్షేపంగా ఉంటుందని పెట్టుకున్నాం. ముప్పై ఏళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. ఊళ్ళో తల్లి, ఒక్కగానొక్క తమ్ముడు. అతను మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు.

అక్కడ యుద్ధం జరుగుతోందని, వయసులో ఉన్నవాళ్ళను చట్టం పెట్టి మరీ సైన్యంలోకి లాగుతున్నారని పేపర్లో చదివాను. చదివి పక్కన పెట్టాను. ఒకనాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ తను చెప్పింది, పేటలో చీట్లు తీస్తే తమ్ముడి పేరు వచ్చిందట. అయ్యో అన్నాను. ఆ వెంటనే కుక్కరు పెట్టావా అని కూడా అడిగాను.

శిక్షణలో ఉన్నన్నాళ్ళూ అతను ఆదివారాల్లో, ఈ అమ్మాయికి సెలవున్న రోజున, మాట్లాడేవాడు. ఆ కబుర్లన్నీ సోమవారం అత్తగారికి తల దువ్వుతూ చెప్పేది. పక్కనే కూర్చుని నేనూ వినేదాన్ని. బూట్లు రెండు సైజులు పెద్దవి ఇచ్చారట, గుడ్డపీలికలు కుక్కి తొడుక్కుంటున్నాడట. తుపాకీ కంటే బియ్యం మూటలే ఎక్కువ మోస్తున్నాడట. అధికారి మోటారు సైకిలు బాగుచేసి ఒక పూట కవాతు తప్పించుకున్నాడట. అది విని అత్తగారు వంకరపోయిన మూతితోనే నవ్వారు. ఫోను పెట్టేసే ముందు ప్రతిసారీ, ఈ వారం పనిచేసే ఇంట్లో ఏం వండావని అడిగేవాడట.

తర్వాత అతన్ని కాల్బలంలో వేసి కొండల మీదికి పంపారు. అక్కడ సిగ్నలు లేదు. వాగుకు నీళ్ళకెళ్ళే దారిలో ఒక మిట్ట మీద మాత్రం అందేదట. నీళ్ళు మోసే వంతు వచ్చినప్పుడు, పగటిపూట, ఎవరిదో ఫోను బతిమాలి తీసుకుని చెయ్యాలి. ఇటు నుంచి చేస్తే కలవదు.

"అమ్మా, పగలు ఫోను నా కాడే ఉంచుకుంటాను. ఆడు ఎప్పుడు సేస్తాడో తెల్దు," అంది.

చూద్దాంలే అన్నాను. నేను చూద్దాంలే అంటే కుదరదని అర్థం, అది ఇంట్లో అందరికీ తెలుసు. మా కూతురు ఆ మాట విని, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ యాసలో, "ఇచ్చెయ్ లా, అమ్మా. తన ఫోనే కదా," అంది. నీ చదువు నువ్వు చూసుకో అని దాని నోరు మూయించాను. ఒకసారి వదిలితే మళ్ళీ పట్టు దొరకదని భయం అనుకునేదాన్ని. భయం కాదు, పంతం.

ఒక గురువారం మధ్యాహ్నం ఇంటి నుంచే ఆఫీసు మీటింగులో ఉన్నాను. సొరుగులో, అత్తగారి మాత్రల అట్టల మధ్య, ఫోను గరగరమంది. తను లోపలి గదిలో ఆవిడకు ఒళ్ళు తుడుస్తోంది. ఆగి, మళ్ళీ గరగరమంది. స్నేహితురాళ్ళయి ఉంటారులే అనుకున్నాను. మూడోసారికి చిరాకేసి సొరుగు లాగి, ఎవరో చూడకుండానే దాని మీద చేతి తువ్వాలు పడేసి మూశాను.

ఆ రాత్రి తువ్వాలు తీసేసి ఫోను ఇచ్చాను. ఎవరిదో తెలియని నంబరు నుంచి మూడు కాల్స్. తను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ నంబరుకు చేస్తూనే ఉంది. కలవలేదు.

ఆ తర్వాత పదకొండో రోజున తల్లి ఫోనులో కబురు చెప్పింది. ఆ గురువారం దాటిన రెండో రోజునే, నీళ్ళకెళ్ళిన నలుగురి మీద ఫిరంగి గుండు పడిందట. ఇంటికి కాగితం ఇచ్చారు, శవం ఇవ్వలేదు. షెడ్డులో వేసుకునే చొక్కాను, ఆయిలు మరకలతోనే, తల్లి దహనం చేయించింది. అతనికి ఇరవై రెండేళ్ళు.

తను ఇదంతా సింకు అంచు పట్టుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. చెప్పి, నా వైపు తిరిగింది.

"ఆ రోజు ఫోను మోగితే మీకు ఇనపడిందా, అమ్మా?"

"లేదు," అన్నాను. "మీటింగులో ఉన్నాను. నాకేం వినపడలేదు."

తలూపింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నిజం అప్పుడూ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

మర్నాడు ఎనిమిదింటికి ఫోను పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. వద్దు, ఇకనుంచి నీ దగ్గరే ఉంచుకో అన్నాను.

"పగటేళ నాకు ఇంకెవులు సేస్తారమ్మా," అంది.

సొరుగు తనే తెరిచి, మాత్రల పక్కన ఫోను పెట్టి మూసి, అత్తగారికి స్నానం చేయించడానికి వెళ్ళింది.