నీలం కోటు, హవాయి చెప్పులు

మా పెళ్ళి బ్యాండులో అందరికీ నీలం కోటు, నల్ల బూట్లు. నాకు మాత్రం నీలం కోటు, హవాయి చెప్పులు. తల నుంచి మోకాళ్ళ దాకా సంగీతకారుణ్ని, అక్కణ్నుంచి కిందికి పాలపాకెట్ కోసం బయల్దేరినవాణ్ని. చూసేవాళ్ళు స్టైలు అనుకుంటారు. భయం.

రెండేళ్ళ క్రితం మేడ్చల్‌లో ఒక రిసెప్షన్. అప్పుడే వాన వెలిసిన లాన్. నా బూటు అడుగున చిల్లి. బేస్ గిటార్ తీగల మీద చెయ్యి పెట్టాను. ఆ తర్వాత జరిగింది నాకు మోచేతి దాకానే గుర్తుంది. నేను తీగల్ని పట్టుకోలేదు, తీగలే నన్ను పట్టుకున్నాయి. ఎవరి కాలో వైరుకు తగిలి ప్లగ్గు ఊడిపోయింది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. కిందపడి కొట్టుకుంటున్న నన్ను చూసి ముందు వరుసలో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకోసారి చెయ్యమన్నారు.

అప్పట్నుంచి నాకో పద్ధతి ఉంది. రబ్బరు చెప్పులు వేసుకుని, వాయించబోయే ముందు తీగలకు చేతి వెనక భాగం తగిలిస్తాను. కరెంటు కొడితే చెయ్యి ముడుచుకుంటుంది. అరచెయ్యి పెడితే ముడుచుకుని తీగనే పట్టుకుంటుంది, వెనక భాగమైతే దూరంగా లాక్కుంటుంది. ఇబ్బందల్లా ఏమిటంటే, బేస్‌ను చేతి వెనక భాగంతో వాయించలేం.

ఇంత ప్రాణభయంతో వాయించేది ఎవరికైనా వినిపిస్తుందా అంటే అదీ లేదు. ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "నాలుగే తీగలున్నయేంది తమ్మీ, కడమ రెండు తెగినయా?" అని జాలిగా అడుగుతాడు. అవునంటాను. బేస్‌కు ఉండేవే నాలుగని వివరించడం కన్నా అది తేలిక.

పోయిన వానాకాలం శామీర్‌పేట దగ్గర ఒక పెళ్ళి. పదకొండుకు లగ్గం. వానకు ఊళ్ళో కరెంటు పోయి, ఫంక్షన్ హాల్ అంతా జనరేటర్ మీద నడుస్తోంది. స్టేజీ మీద ఒక పక్క మండపం, ఇంకో పక్క మేము. కప్పు కారి కింద పరిచిన పచ్చ కార్పెట్ అడుగు పెడితే నీళ్ళు చిమ్ముతోంది. మెట్ల దగ్గర కుర్చీలో పెళ్ళికూతురి అవ్వ కూర్చుని ఎవరి కాళ్ళకు చెప్పులున్నాయో చూస్తోంది.

"చెప్పులిడువు బిడ్డా. లగ్గం అయ్యే జాగ ఇది."

"అవ్వా, గివి లేకుంటే నాకు షాక్ కొడ్తది."

"నీ తోటోళ్ళంత ఇడ్సిన్రు గదా. వాళ్ళను కొట్టని కరెంటు నిన్నే కొడ్తదా? గంత పెద్ద మనిషివా?"

తోటివాళ్ళది ప్లాస్టిక్ కీబోర్డు, రబ్బరు ప్యాడ్లు. రెండు చేతులా ఇనుము పట్టుకునేది నేనొక్కణ్నే. ఈ తేడా అవ్వకు చెప్పేలోపు మా కీబోర్డ్ అన్న, పాడేదీ బ్యాండుకు పెద్దా ఆయనే, వెనక నుంచి అందుకున్నాడు. "ఇడువురా. ఇజ్జత్ తియ్యకు."

విడిచాను. తడి కార్పెట్ అరికాళ్ళను చల్లగా పట్టుకుంది. చేతి వెనక భాగం తీగలకు ఆనించాను. చురుక్కుమంది. చెయ్యి నన్నడక్కుండానే జేబు దాకా వచ్చేసింది.

"అన్నా, షాక్ వస్తాంది."

"ఏం షాక్ రా? పెండ్లిపిల్ల దోస్తులను జూసినవా?"

"ఒట్టన్నా. భయమైతాంది నాకు."

"మస్తు జేస్తున్నవ్. మొఖం గట్లనే పెట్టు."

ప్యాడ్లు వాయించేవాడూ నవ్వాడు. ఆరేళ్ళుగా నా జోకులకు ఒక్కసారీ నవ్వనివాళ్ళు ఆ పొద్దున కడుపు పట్టుకుని నవ్వారు.

గిటార్ దించి హాలు వెనక్కి వెళ్ళాను. జనరేటర్ పక్కన కరెంటు పనాయన ఉప్మా తింటున్నాడు.

"కాకా, ఎర్తింగ్ ఇచ్చినవా?"

"ఇయ్యకుంట ఎట్లుంట?" అని స్పూనుతో చూపించాడు. జనరేటర్ నుంచి పచ్చ వైరు ఒకటి చక్కగా వెళ్ళి, క్రోటన్ మొక్క ఉన్న పూలకుండీలో గుచ్చిన ఇనుప కడ్డీకి చుట్టుకుని ఉంది.

"కుండీల పెట్టినవేంది కాకా?"

"చుట్టూత సిమెంటే ఉండె. యాడ పాతాలె? మట్టి గీన్లనే ఉన్నది. పొద్దుగాల నీళ్ళు గూడ వోసిన."

నేలలోకి దిగాల్సిన ఎర్తును కుండీలో నీళ్ళు పోసి పెంచుతున్నాడు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. రెండూ ఒకేసారి జరగడం అదే మొదలు.

అప్పుడు మండపం గుర్తొచ్చింది. దాని నాలుగు స్తంభాలూ ఇనుపవి, ఒక్కోదానికి సీరియల్ లైట్లు చుట్టారు. వాటికీ మాకూ కరెంటు బోర్డు ఒకటే. పరుగున వచ్చి చూస్తే పెళ్ళికూతురు బయల్దేరింది, వట్టి కాళ్ళతో. అవ్వ మండపం దగ్గరికి చేరి స్తంభం మీద చెయ్యి వెయ్యబోతోంది. అప్పటిదాకా నా భయం నా రెండు చేతుల మేరకే ఉంది. ఇప్పుడు ఎక్కడ ఆగుతుందో తెలియలేదు.

మెయిన్ స్విచ్ స్టేజీ వెనకే ఉంది. దాని మీద చెయ్యి వేసినప్పుడు ఒక లెక్క తోచింది. నాది తప్పయితే బ్యాండులో నా పని ఇవాళ్టితో సరి. ఒప్పయితే ఎవరికీ ఏమీ కాదు కాబట్టి, ఒప్పని ఎవరికీ తెలియదు. కిందికి లాగాను.

లైట్లు, ఫ్యాన్లు, పాట అన్నీ పోయాయి. పెళ్ళికూతురు దారి మధ్యలో ఆగిపోయింది.

"అవ్వా, ఆ ఖంబం ముట్టకు. కరెంటున్నది." నా గొంతు పిల్లి కూతలా వచ్చింది. అయినా హాలంతా విన్నది. ఆరేళ్ళలో నేను హాలంతా వినిపించడం అదే మొదటిసారి.

కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అన్న కళ్ళు మూసుకున్నాడు. అవ్వ మాత్రం తన చేతికేసి చూసుకుంది.

"గదా సంగతి. పొద్దుగాల్నుంచి గీ ఖంబం పట్టుకున్నప్పుడల్ల చెయ్యి జివ్వుమంటాంది. వయసైపోయింది, గట్లనే ఉంటది అనుకున్న."

ఇక ఎవరూ నవ్వలేదు. కరెంటు పనాయన ఉప్మా వదిలేసి, కడ్డీ పీక్కుని, అసలు నేలలో పాతడానికి ప్రహరీ అవతలి చెలకలోకి పరిగెత్తాడు. సుత్తి చప్పుడు హాల్లోకి వినిపిస్తోంది. లగ్గం దాటిపోతుందని మగపిల్లవాడి తరఫువాళ్ళు గొణిగితే, "నా లగ్గానికి లైట్లున్నయా? కానియ్యున్రి" అంది అవ్వ. కిటికీ వెలుతురులో జీలకర్ర బెల్లం పెట్టేశారు.

కరెంటు వచ్చాక అవ్వ ఒక చెక్క పీట తెచ్చి నా ముందు వేసింది. "దీని మీద నిలవడి కొట్టుకో. చెప్పులు మాత్రం వద్దు." అందుకే ఆ పెళ్ళి ఫోటోల్లో పీటలెక్కినవాళ్ళం ముగ్గురం కనిపిస్తాం.

చేతి వెనక భాగం తగిలించాను. ఏమీ లేదు. మళ్ళీ తగిలించాను. ఏమీ లేదు. అయినా అరచెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలేసరికి పాటలో ఒక చరణం అయిపోయింది. బేస్ లేదని ఎవరూ గమనించలేదు.

ఇప్పటికీ ప్రతి పెళ్ళిలో అదే భయం. ఒక పీట ఎప్పుడూ నా బండి డిక్కీలో ఉంటుంది. ఇప్పుడు అన్న కూడా పాడబోయే ముందు, నేను అటు తిరిగి ఉన్నాననుకుని, మైకుకు చేతి వెనక భాగం ఒకసారి తగిలిస్తాడు. నేను చూడనట్టే ఉంటాను. దాని మీద ఇంతవరకు ఒక్క జోకూ వెయ్యలేదు.