పడవకు పనికొచ్చిన వయసు

నా చిన్నప్పుడు రేపల్లె అవతల మా సముద్రపు పల్లెలో, ఇంటి పెద్ద చెయ్యి పడనిదే పడవ నీళ్ళలోకి దిగేది కాదు. మా ఇంట్లో ఆ చెయ్యి మా తాతయ్యది. ఎనభై దాటినా పొద్దున్నే వచ్చి, పడవకు భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోసేవాడు. ఆ తర్వాతే మా నాన్నా బాబాయిలూ అందుకునేవాళ్ళు.

ఆయనకు గజ్జలో పేగు జారేది. నిలబడితే నిమ్మకాయంత ఉబ్బు, పడుకుంటే లోపలికి పోయేది. గోచీ బిగించి చాలాకాలం నెట్టుకొచ్చాడు. చివరికి సిగ్గు విడిచి, నన్ను తోడు తీసుకుని, రైలెక్కి తెనాలి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. తీరుబడిగా ఇప్పుడే ఆపరేషను చేయించుకుంటే మంచిదనీ, పేగు బిగుసుకుపోయాక వస్తే ఈ వయసులో కష్టమనీ డాక్టరు విడమరిచి చెప్పాడు. తాతయ్య సరేనన్నాడు. తిరుగు రైల్లో నాకు జంతికలు కొనిపెట్టి, దారంతా హుషారుగా కబుర్లు చెప్పాడు.

ఇంట్లో చెప్పేసరికి అందరూ ఒక్కటై లేచారు. “ఈ వయసులో నీకు కోతలేంటి నాన్నా! మేం చూస్తూ ఊరుకుంటామా?” అన్నాడు మా నాన్న. చేయించుకోవాలనుందిరా అని తాతయ్య మెల్లిగా అన్నాడు. ఎవరూ వినలేదు. ప్రేమ కొద్దీ వినలేదు, నా కడుపుమంటంతా అదే. మర్నాడు మాత్రం యథాప్రకారం పడవ దగ్గరికి పిలిచారు. కత్తికి ఆగని ఒళ్ళు పడవకు ఆగుతుందనుకున్నారు కాబోలు, ఏం తెలివో!

కొన్నాళ్ళకు అలా తోస్తూనే ఇసుకలో కూలబడ్డాడు. ఉబ్బు రాయిలా బిగిసిపోయింది, పడుకోబెట్టినా లోపలికి పోలేదు. ఒకటే వాంతులు. ఆయన తల పట్టుకుని కూర్చోవడం తప్ప నాకేం చేతకాలేదు. బండిలో రేపల్లె, అక్కణ్ణుంచి రైల్లో తెనాలి చేర్చేసరికి చీకటి పడింది. పేగు నల్లబడిందని కొంత కోసి తీసేశారు. ఆపరేషనైతే అయింది గానీ ఆయన మంచం దిగలేదు.

వయసు వల్లేనా అండి అని మా నాన్న డాక్టర్ని అడిగాడు. “వయసు మొన్నా ఇంతేనండి. ఆలస్యమైంది” అన్నాడాయన. మా నాన్న గోడకు తల ఆనించి ఏడ్చాడు. తాతయ్య కొడుకుని దగ్గరికి పిలిచి, “నీ తప్పేం లేదురా. నేనే ఇంకాస్త గట్టిగా అడగాల్సింది” అని వీపు నిమిరాడు. ఆ వారంలోనే పోయాడు.

ఇప్పుడు నాకు ఎనభై మూడు. బాపట్లలో పెద్దకొడుకు దగ్గర ఉంటున్నాను. నా గజ్జలోనూ అలాంటి ఉబ్బే. ఆపరేషనులో ముప్పు లేదనను గానీ, ఇప్పుడే చేయించుకోవడం మేలని డాక్టరమ్మ చెప్పింది. పిల్లలేమో ఫోన్లలో వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుని వద్దని తేల్చేశారు. “నా ఒళ్ళురా ఇది, నన్నడగండి!” అని వీధిలోకి వినపడేట్టు అరిచాను. “ముందు టిఫిన్ తినమ్మా, బీపీ పెరుగుతుంది” అన్నాడు పెద్దాడు.

గట్టిగా అడిగుంటే వినేవాళ్ళని మా తాతయ్య నమ్ముతూనే పోయాడు. ఆయన నాకు మిగిల్చింది ఆ నమ్మకమే. రోజూ గట్టిగానే అడుగుతున్నాను.