యమున జీపుకు లాగుడు రాడ్డు

రాజం ముందు బండి, యమున వెనక బండి. ఏ కాలమైనా ఆ అన్నాచెల్లెళ్లు గోదావరిఖని నుంచి పనికి బయలుదేరే పద్ధతి అదే. ముందు పాత డీసీఎం వ్యాను, దాని నిండా జనరేటరు, వెల్డింగ్ సామాను. వెనక అంతకన్నా పాత జీపు.

ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర మట్టి తీసే కాంట్రాక్టర్లకు వెల్డింగ్ చేసిపెట్టడం రాజం పని. మట్టి తవ్వే ప్రొక్లెయిన్ బకెట్ పండ్లు అరిగినా, డంపర్ తొట్టి చీలినా అతనికి ఫోను వచ్చేది. క్యాంపు ఎక్కడుంటే అక్కడికి పోవాలి. తారు రోడ్డు ఉన్నంతవరకు డీసీఎం పోతుంది. ఆ తర్వాత తవ్విపోసిన మట్టిగుట్టల మీది దారులు మొదలవుతాయి. వాన పడిందంటే డీసీఎం చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. కింద బండి ఆపి, కావలసిన సామాను జీపులోకి మార్చి, నాలుగు చక్రాల గేరు వేసి గుట్ట ఎక్కాలి. ఒక మనిషి రెండు బండ్లు నడపలేడు. అందుకని జీపు యమునది అయింది.

నాన్న అండర్‌గ్రౌండ్‌ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. క్వార్టరు వదిలిన కొన్నేళ్లకే తల్లీతండ్రీ ఒకరి వెనక ఒకరు పోయారు. రాజం పెళ్లి చేసుకోలేదు. ఒక చెవి సరిగా వినబడదని మొదట్లో ఒకరిద్దరు వద్దనుకున్నారు, తర్వాత అతనే వద్దనుకున్నాడు. జీపుకు పెట్టుకున్న డ్రైవర్లు ఎవరూ నిలవలేదు. ఒకరోజు క్యాంపు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే డ్రైవరు రానేలేదు. అప్పటికి స్కూటీ తప్ప ఏమీ నడపని యమున, "నాకు నేర్పియ్యన్నా, నేను నడుపుత" అంది. కాలనీ వెనక మైదానంలో నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి, కాంట్రాక్టరు మనుషులు దిగి నడిచే ఎత్తుల మీద కూడా ఆమె జీపు ఆగేది కాదు.

దారిలో ఇద్దరికీ లైట్లే మాటలు. ఆమె ఒకసారి లైటు వేస్తే చాయ్‌కి ఆగుదామని, ఆపకుండా వేస్తే ఏదో అయిందని. బండి వెనక్కి తీసేటప్పుడు ఆమె దిగి డీసీఎం బాడీ మీద అరచేత్తో కొట్టేది. ఆ దెబ్బ రాజానికి చెవితో కాక, పట్టుకున్న స్టీరింగ్‌లో తెలిసేది. అద్దంలో జీపు కనబడకపోతే అతని కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది.

అట్లా ఏళ్లు గడిచాయి. యమునకు నలభై దగ్గరపడింది.

సెంటినరీ కాలనీలో వాళ్ల మేనత్త పోశవ్వ ఉంటుంది. ఆమె ఇంట్లో ఏదో ఫంక్షన్‌కి కొత్తగూడెం నుంచి సంపత్ అనే చుట్టం వచ్చాడు. బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో పని. భార్య జబ్బుచేసి పోయింది, పిల్లలు లేరు. పోశవ్వ గేటు ముందు యమున జీపు టైరు మారుస్తుంటే అతను వచ్చి జాకీ పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవారు. కొన్నాళ్లకు పోశవ్వ రాజాన్ని పిలిపించింది.

"పిలగాడు మంచోడు బిడ్డా. దానికి గూడ ఇష్టమే. కని ఒప్పుకుంటలేదు."

"ఎందుకట అత్తా?"

"నన్నెందుకడుగుతవ్? దాన్నే అడుగు."

ఆ రోజు అన్నం దగ్గర రాజం అడిగాడు. యమున తల ఎత్తలేదు.

"నేను వోతె జీపెవలు నడుపుతరు?"

"ఇంకో డ్రైవర్ను జూస్త."

"జూసినం గదా డ్రైవర్లను. ఇంక ఆ ముచ్చట దియ్యకు."

రాజం తీయలేదు. కానీ అప్పటినుంచి అతని మనసంతా ఒక బండి మీదే ఉంది. ఎప్పుడో రహదారి మీద చూశాడు. ఎక్కడినుంచో వచ్చిన టూరిస్టు వ్యాను ఒక జీపును లాక్కుని పోతోంది. జీపు నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉన్నాయి, లోపల మనిషి లేడు. తాడుతో లాగితే వెనక బండిలో ఒకరు కూర్చుని స్టీరింగ్ తిప్పాలి, బ్రేకు తొక్కాలి. ఇక్కడ తాడు లేదు. నిచ్చెన పై కొసలా ఒకచోట కలిసే రెండు ఇనుప కాళ్ల రాడ్డు ఉంది. కలిసిన మూల వ్యానుకు, విడిన కాళ్లు జీపుకు.

మంచిర్యాలలో పాత ఇనుము సామాన్ల దగ్గర వెతగ్గా వెతగ్గా అట్లాంటి రాడ్డు దొరికింది. అది వేరే ఏదో బండికి చేసింది. దాని కాళ్ల బెజ్జాలకూ జీపు కొక్కాలకూ పొంతన లేదు. రెంటినీ కలిపే ముక్కలు, అడాప్టర్లు అంటారు వాటిని, తనే చేసుకోవాలి. మందపాటి ఉక్కు పలక కోసి, వంచి, రంధ్రాలు వేశాడు. యమున ఇంటి పనిలో ఉన్నప్పుడు షెడ్డులో ఈ పని చేసేవాడు. ఏమిటని అడిగితే ఎవరిదో గిరాకీ అన్నాడు.

మొదటిసారి వాటిని జీపు ముందు బంపరుకే బిగించి, షెడ్డు ముందరే కొంచెం లాగి చూశాడు. బంపరు అట్టముక్కలా వంగింది. చేసిందంతా విప్పేశాడు. ఈసారి బంపరు వెనక, జీపు బరువంతా మోసే చాసీ కడ్డీలనే పట్టుకునేటట్టు కొత్త ముక్కలు చేశాడు. చాసీకి వెల్డింగ్ పెట్టలేదు. వేడికి అక్కడ ఉక్కు బలం తగ్గుతుందని అతనికి భయం. లోపలివైపు పలకలు పెట్టి గట్టి బోల్టులతో బిగించాడు. రాడ్డును పట్టి ఉంచే పిన్ను ఊడినా జీపు వదలకుండా రెండు గొలుసులు అడ్డంగా వేశాడు. జీపు వెనక లైట్లకు డీసీఎం నుంచి వైరు లాగుతుండగా యమున షెడ్డులోకి వచ్చింది.

రాడ్డును చూసింది. అన్నను చూసింది. అర్థం కావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"నా జాగల ఇనుము వెట్టినవా అన్నా?"

"గట్ల గాదు చెల్లె..."

"మరెట్ల?"

రాజం మళ్లీ వైరు చేతిలోకి తీసుకున్నాడు. ఆమె చెయ్యి తుడుచుకుంటూ లోపలికి పోయింది.

మరునాడు పొద్దున రాజం షెడ్డుకు వచ్చేసరికి జీపు కింది నుంచి రెండు కాళ్లు బయటికి కనబడుతున్నాయి.

"ఎడమ దిక్కు దిగింది" అంది యమున కింది నుంచే. "రాడ్డు వంకరగుంటది. గిట్లనే లాగితె టైర్లు తింటది. ఆ పెద్ద స్పానరియ్యి."

ఇద్దరూ కలిసి ఎడమవైపు ముక్క విప్పి, పైకి జరిపి మళ్లీ బిగించారు. రాడ్డు నేలకు సమంగా నిలిచింది. జీపులో నాలుగు చక్రాల గేరు వేసే చిన్న పిడిని న్యూట్రల్‌లో పెడితేనే ఇంజన్‌కూ చక్రాలకూ సంబంధం తెగుతుందని, లేకపోతే లోపల గేర్లు కాలిపోతాయని ఆమె అన్నకు రెండుసార్లు చెప్పింది. ఆ గేరు సంగతి ఆమెకు తెలిసినంత అతనికి తెలియదు మరి.

గోదావరి బ్రిడ్జి దాకా పోయి చూద్దామనుకున్నారు. జీపులో ఎవరూ అక్కర్లేదు కనుక యమున డీసీఎం ఎక్కి అన్న పక్కన కూర్చుంది. ఇన్నేళ్లు ఒకే దారిలో తిరిగినా డీసీఎంలో పక్కపక్కన ప్రయాణం చేయడం ఇదే మొదలు.

"గిదేందన్నా, నీ బండ్ల గింత సప్పుడా?"

"నాకు ఒక్క చెవే గద. సగమే వినవడ్తది."

యమున నవ్వింది. తర్వాత తన వైపు అద్దంలోకి చూసింది. మలుపు వచ్చినప్పుడల్లా ఖాళీ సీటు ముందు జీపు స్టీరింగ్ తనంతట తానే తిరుగుతోంది. డీసీఎం ఎటు పోతే అటు, వెనకబడకుండా, తొందరపడకుండా వస్తోంది.

"మంచిగనే వస్తుంది" అని, మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

బ్రిడ్జి దగ్గర దిగి పిన్నులు, గొలుసులు చూశారు. ఏదీ కదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఊరు కనబడుతుండగా యమున అంది: "అత్తకు ఫోన్ జెయ్యి. ఒప్పుకున్నదని చెప్పు."

పెళ్లి సెంటినరీ కాలనీలో చిన్నగా జరిగింది. సాగనంపేటప్పుడు సంపత్ వచ్చి రాజం చెయ్యి పట్టుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు బావా. మంచిగ చూసుకుంట."

"దాన్ని ఏదన్నా బండి నడుపనియ్యి" అన్నాడు రాజం. "ఊకె కూసొమ్మంటె ఉండలేదు."

యమున కారెక్కి అన్నతో ఒక్కటే మాట అంది. "పైలం. పిన్నులు రోజు చూడు."

ఆ వానాకాలం చెన్నూరు వైపు క్యాంపు నుంచి పిలుపు వచ్చింది. రాజం జీపును తగిలించుకుని ఒక్కడే బయలుదేరాడు. బ్రిడ్జి దగ్గర హోంగార్డు ఆపి, "బ్రేక్‌డౌనా అన్నా?" అని అడిగాడు. రాజం అవునన్నాడు. అంతకన్నా వివరంగా చెప్పాలనిపించలేదు.

ఒక ఊరి దగ్గర సన్నటి కల్వర్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. రాడ్డు తగిలించిన బండిని వెనక్కి తీస్తే జీపు అడ్డం తిరుగుతుంది. వానలోనే దిగి పిన్నులు తీసి, జీపును చేను గట్టు వైపు నెట్టి, డీసీఎం వెనక్కి తీసి దారి ఇచ్చాడు. ట్రాక్టరు వెళ్లిపోయింది. మళ్లీ తగిలించడం మొదలైంది. బండి వెనక్కి తీస్తాడు, దిగి చూస్తాడు. రాడ్డు కొస జానెడు పక్కకు ఉంటుంది. ఎక్కి ముందుకు తీసి, మళ్లీ వెనక్కి. ఈసారి దాటిపోతుంది. బాడీ మీద కొట్టి ఆపు అనేవాళ్లు లేరు. రోడ్డు మీద పోయే ఒకరిద్దరిని పిలుద్దామనుకున్నాడు, వాళ్లు గొడుగుల కింద తలవంచుకుని పోయారు. చివరికి నేల మీద రాళ్లు గుర్తుగా పెట్టుకుని, వాటి లెక్కన తగిలించాడు. అప్పటికి బట్టలన్నీ తడిసి ఒంటికి అంటుకున్నాయి.

క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చోగానే యమున ఫోన్ చేసింది.

"ఎక్కడున్నవన్నా?"

"పని మీద. చెన్నూరు రోడ్డు."

"తిన్నవా?"

"తిన్న."

"రాడ్డెట్లున్నది?"

"మంచిగున్నది. ఏం తక్లీఫ్ లేదు."

ఆమె చాలాసేపు మాట్లాడింది. లైసెన్స్ మార్పించుకుంటోందట, వచ్చే నెల నుంచి అక్కడి బడి వ్యాను నడుపుతుందట, సంపతే అడిగి ఇప్పించాడట. గొంతులో సంతోషం తెలుస్తోంది. "మంచిగైంది చెల్లె, చానా మంచిగైంది" అన్నాడు రాజం. నిజంగానే అన్నాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు బండి తీయబుద్ధి కాలేదు. అద్దాల మీద వాన కారుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

తారు రోడ్డు అయిపోయిన చోట డీసీఎం ఆపి, సామాను జీపులోకి మార్చి, రాడ్డు విప్పి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మోకాళ్లు స్టీరింగ్‌కి తగిలాయి. యమునకు కాళ్లు అందాలని సీటు ముందుకు జరిపి బిగించింది అతనే. అట్లాగే నడుపుదామని చూశాడు, క్లచ్ తొక్కరాలేదు. దిగి స్పానర్ తీసుకున్నాడు. బోల్టులు తుప్పుపట్టి ఒక పట్టాన వదల్లేదు. కిరోసిన్ పోసి, ఆగి, మళ్లీ తిప్పాడు. సీటు వెనక్కి జరిపి బిగించి, నాలుగు చక్రాల గేరు వేసి, బురదలో మెల్లగా గుట్ట ఎక్కాడు.