స్కాట్లండ్ వాళ్ళ రాయి కోసం శామ్యూల్ అంకుల్‌తో కొండెక్కిన రోజు

మా సినిమాను ఆపింది శామ్యూల్ అంకుల్. ఎవరో ఏదో అన్నారని చుట్టూ తిప్పి చెప్పను. మోరిస్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో తెలుగువాళ్ళం నెలకోసారి కలిసి సినిమా చూస్తాం. ఆ కమిటీకి పెద్ద ఆయనే, ఆగస్టులో నేను అడిగిన సినిమాను కాదన్నదీ ఆయనే. ఈ బ్లాగు ఆయన చదువుతారని తెలిసే రాస్తున్నాను.

ఆ సినిమా కథ ఇది. ఏడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్ రాజొకడు స్కాట్లండ్ మీదికి దండెత్తి, ఆ దేశపు రాజులు పట్టాభిషేకం చేసుకునే రాయిని లండన్‌కు ఎత్తుకుపోయాడు. ఒక పెద్ద చర్చిలో తన సింహాసనం కింద పెట్టించాడు. మన తాతల కాలంలో కొందరు కాలేజీ విద్యార్థులు క్రిస్మస్ సెలవుల్లో డొక్కు కార్లేసుకుని వెళ్ళి, దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. నిజంగా జరిగిందే. దాన్ని నవ్వు తెప్పించేలా తీసిన చిన్న సినిమా డీవీడీ మా కౌంటీ లైబ్రరీలో నా కంటపడింది. ఖమ్మం బస్టాండు పక్కన అమ్మే పలచటి ఉద్యమాల పుస్తకాలు చదివి పెరిగినవాణ్ణి నేను. ఒక జాతి తన వస్తువును తాను తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? ఈ ప్రశ్న మనవాళ్ళందరి ముందూ పెట్టాలనుకున్నాను. అంకుల్ ఒక్క ముక్కలో తేల్చేశారు: "వచ్చేవాళ్ళలో సగం వీసా మీద ఉన్న పిల్లలు. జాతీయవాదం సినిమా మనకొద్దు అబ్బాయ్."

నేను ఊరుకోలేదు. పార్కింగ్‌లో ఆపి మరీ గొడవ పెట్టుకున్నాను. తన భయం సినిమా గురించి కాదని, ఇలాంటి సినిమాకి ఎగబడి వచ్చే జనం గురించేనని ఆయన అన్నారు. ఆ జనాన్ని ఎప్పుడైనా చూశారా అని అడిగాను. చూడలేదు. అప్పుడే నాకు లైబ్రరీ గోడ మీద చూసిన పోస్టర్ గుర్తొచ్చింది. పడమటి వైపు బూన్ అనే పట్నం అవతల కొండల్లో ఒక చిన్న ఊళ్ళో, ఎప్పుడో వలస వచ్చిన స్కాట్లండ్ వాళ్ళ వారసులు అక్టోబరు మొదటి శనివారం జాతర చేసుకుంటారట. మధ్యాహ్నం రెండింటికి అక్కడి చర్చి హాల్లో ఇదే సినిమా. "రండి, ఆ మనుషుల్ని మీ కళ్ళతో చూడండి. అప్పుడూ వద్దంటే మళ్ళీ అడగను," అన్నాను. ఒప్పుకున్నారు. చిక్కేమిటంటే నాకు కారు లేదు. అన్యాయం చేసినాయన కార్లోనే న్యాయం అడగడానికి వెళ్ళాల్సి వచ్చింది.

ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. నలభయ్యో నంబర్ ఇంటర్‌స్టేట్ ఎక్కి పడమరగా గ్రీన్స్‌బరో, విన్‌స్టన్-సేలం మీదుగా వెళ్ళి, అక్కడినుంచి నాలుగు వందల ఇరవై ఒకటో నంబర్ రోడ్డు పట్టుకుంటే తిన్నగా బూన్ వస్తుంది. మధ్యలో ఒకసారి కాఫీకి ఆగినా మూడున్నర గంటలు చాలు. విల్క్స్‌బరో దాటకముందే పెట్రోలు పోయించుకోండి, పైన బంకులు తక్కువ. అంకుల్ భార్య రూతు ఆంటీ పులిహోర, పెరుగన్నం, కోడి పచ్చడి కట్టిచ్చారు. పోయినేడాది నన్ను రాలీ ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చింది కూడా ఇదే కారు. ఏటా ఆగస్టులో కొత్త పిల్లల్ని తేవడం, వాళ్ళకు దుప్పట్లు, పరుపులు వెతికి పెట్టడం అంకుల్ పని. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం చాలా కష్టం. అయినా తెచ్చుకున్నాను.

దారంతా వాదనే. నేను జాతుల హక్కుల గురించి గంటసేపు చెప్పాను. ఆయన అద్దంలోంచి వెనక లారీని చూసుకుంటూ, "మీ తెలంగాణ వాళ్ళకి ఒక రాష్ట్రం తెచ్చుకున్నాక కూడా చేతులు ఖాళీగా ఉన్నట్టున్నాయి. ఇప్పుడు స్కాట్లండ్‌కి కూడా ఇప్పిస్తావా?" అన్నారు. రాయి మీద ఆంధ్రా వాళ్ళకి ప్రేమ ఎలా ఉంటుంది, మీవన్నీ ఇసుక నేలలు కదా అన్నాను. ఆయన నవ్వారు. తర్వాత కొండ మలుపులు మొదలయ్యాక, నా వైపు చూడకుండానే అసలు మాట చెప్పారు.

"జెండా ఎగరేసిన ప్రతిచోటా మొదట అడిగేది నువ్వెవరు అని. బాపట్ల దగ్గర మా ఊళ్ళో మా నాన్న దానికి జవాబు చెప్తే, కూర్చున్న అరుగు మీంచి లేపేవాళ్ళు. నీ పుస్తకాల్లో ఇది రాశారా?"

రాశారు. రాయకపోవడమేం. కానీ చదవడం వేరు, డ్రైవ్ చేస్తున్న మనిషి నోట వినడం వేరు.

బూన్ దాటి పదింటికల్లా జాతరకు చేరాం. కారు ఒక పచ్చిక మైదానంలో పెట్టాలి. పార్కింగ్‌కు పది డాలర్లు, లోపలికి మనిషికి పదిహేను, సినిమాకు వేరే టికెట్ లేదు. రాత్రి వాన పడిందేమో, నేలంతా బురద. అక్టోబరు మొదట్లోనే అక్కడ చలి వణికిస్తుంది. మైదానం చుట్టూ గుడారాలు, ఒక్కో వంశానికి ఒక్కోటి. మగవాళ్ళందరూ గళ్ళ పావడాలు కట్టుకుని తిరుగుతున్నారు. అంకుల్ వాటిని శ్రద్ధగా చూసి, తన గళ్ళ లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కడితే తేడా ఎవరూ కనిపెట్టలేరని, తెచ్చుకోనందుకు బాధగా ఉందని అన్నారు. తోలు తిత్తి చంకలో పెట్టుకుని ఊదే వాద్యం మొదలయ్యేసరికి మన సన్నాయికి దూరపు చుట్టం అని తేల్చారు. నేను చెప్పదలచుకున్నవన్నీ ఆయనే చెబుతుంటే నాకు లోపల ఆశ పుట్టింది.

ఆ ఆశ మొదటి గుడారం దగ్గరే పోయిందనుకున్నాను. అక్కడ కూర్చున్న మార్గరెట్ అనే పెద్దావిడ, వయసు ఎనభై దాటి ఉంటుంది, అల్లికలు పక్కన పెట్టి మా ఇద్దరినీ పలకరించింది. వెంటనే అడిగింది, మీరు ఏ వంశం వాళ్ళు అని.

అంకుల్ ముఖం మారిపోయింది. కార్లో ఆయన చెప్పిన ప్రశ్న ఇదే. నేను వెంటనే అడ్డుపడి, నాకు వంశం లేదని, ఇంటిపేరు వాడటం మానేశానని, మా దగ్గర అది చెబితే కులం చెప్పినట్టేనని గడగడా ఇంగ్లీషులో చెప్పేశాను. ఆవిడకు ఎంత అర్థమైందో తెలియదు. బల్ల మీది గళ్ళ రిబ్బన్ ముక్క తీసి నా చొక్కాకు గుచ్చి, వంశం లేకపోతే ఈ రోజుకి మావాడివేనంది. తర్వాత అంకుల్ వైపు తిరిగి ఆగింది. తొందరపెట్టలేదు.

"తోటపోగు," అన్నారు అంకుల్. కొంచెం గట్టిగానే అన్నారు. మాకు ఇంటిపేరు ముందు వస్తుందని, తర్వాతే మనిషి పేరని కూడా చెప్పారు.

ఆవిడ ఆ పేరును మూడుసార్లు పలికి చూసుకుంది. మూడోసారికి సరిగ్గా వచ్చింది. పన్నెండింటికి అక్కడొక ఆచారం ఉంది. ఒక్కో వంశం మనిషి మైదానం మధ్యకు వచ్చి, మా వంశం వచ్చిందని గట్టిగా కేకేస్తారు. మార్గరెట్ వంతు వచ్చినప్పుడు తన వంశం పేరు చెప్పి, ఆగి, మా అతిథి తోటపోగు శామ్యూల్ కూడా వచ్చారని కేక పెట్టింది. జనమంతా చప్పట్లు కొట్టారు. అంకుల్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డారు. నేను ఫోటో తీద్దామనుకుని తీయలేదు.

భోజనం ఆ గుడారంలోనే. గొర్రె లోపలి భాగాలను ఓట్స్ పిండితో కలిపి ఉడికించిన వాళ్ళ వంటకం పెట్టారు. "ఇది మన బోటీ కూరేరా, కారం వేయడం మర్చిపోయారు," అని అంకుల్ కోడి పచ్చడి సీసా తీశారు. మార్గరెట్ వేలి కొసకు అద్దుకుని నాకి, నీళ్ళు తాగి, మళ్ళీ నాకింది. మేం సినిమాకి వచ్చామని తెలిసి ఆ రాయి గురించి ఆవిడ మాటల మధ్యలో చెప్పింది, అది మామూలు రాయి కాదని, బైబిల్లో చెప్పిన యాకోబు బేతేలులో తల కింద పెట్టుకుని పడుకున్న రాయి అదేనని తన నాయనమ్మ చెప్పేదని.

అంకుల్ ప్లేటు కింద పెట్టేశారు. "యాకోబు రాయా? ఈ ముక్క నాకు ఆగస్టులో ఎందుకు చెప్పలేదురా?"

అది ఉత్త పుక్కిటి కథ అంకుల్, చరిత్ర కాదు అన్నాను. తెలుగు చర్చిలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు యాకోబు కథ చెబుతున్నాయనకు నేను రెండు నెలలుగా జాతుల హక్కుల మీద ఉపన్యాసం ఇస్తున్నానని అప్పుడు అర్థమైంది.

రెండింటికి హాలు నిండింది. మడత కుర్చీలు, మూల పెద్ద కాఫీ పాత్ర, గోడ మీద ప్రొజెక్టర్ వెలుగు. అచ్చం తమ చర్చి హాల్లాగే ఉందని అంకుల్ అన్నారు. ఎగబడి వచ్చిన జనం ఎవరంటే, చేతికర్రల ముసలివాళ్ళు, ఒళ్ళో పిల్లలున్న తల్లులు. సినిమాలో విద్యార్థులు లండన్ చలిలో కార్లోనే ముడుచుకుని పడుకుంటే, వీళ్ళలో ఒక్కళ్ళకీ స్వెటర్ లేదేంట్రా అని అంకుల్ నా చెవిలో గొణిగారు. సింహాసనం కింది నుంచి లాగుతుండగా రాయి రెండు ముక్కలైనప్పుడు "అయ్యయ్యో" అని ఆయన పైకే అనేశారు. హాలంతా తిరిగి చూసింది. పక్కనే ఉన్న మార్గరెట్ ఆయన చేయి తట్టింది. పోలీసు వచ్చేసరికి విద్యార్థులు రాయి మీద దుప్పటి పరిచి, దాని మీదే కూర్చుని, ఆయనకే ఫ్లాస్కులో టీ పోసిచ్చే చోట అంకుల్‌కు నవ్వి నవ్వి దగ్గొచ్చింది. చివర అందరూ లేచి పాట పాడారు. మాకు రాదు, అయినా లేచి నిలబడ్డాం.

నాలుగున్నరకు తిరుగు ప్రయాణం. నేను అడగలేదు. మళ్ళీ అడగనని మాటిచ్చాను కదా. విల్క్స్‌బరో దగ్గర పెట్రోలు పోయించుకుంటూ ఆయనే అన్నారు, "క్లబ్‌హౌస్‌లో మాత్రం వద్దు." నాకు ఒళ్ళు మండింది. నోరు తెరవబోయాను. "ఆగు. మా గరాజ్ తలుపు తెల్లగా ఉంటుంది, బొమ్మ దాని మీద బానే పడుతుంది. నా ఇల్లు, నా వాకిలి. రేపెవరైనా అడిగితే నేనే పెట్టానంటా. పిల్లల పేరు ఎక్కడా రాదు. వచ్చినవాళ్ళని నువ్వెవరు అని అడిగేది కూడా నేనే. అడిగి, చేతిలో ప్లేటు పెడతా."

ఆ తర్వాత మోరిస్‌విల్ వచ్చేదాకా కొట్లాట ఒక్కదాని మీదే: సినిమాకు ముందు యాకోబు గురించి ఆయన మాట్లాడాలా, జాతి హక్కు గురించి నేను మాట్లాడాలా. చెరో ఐదు నిమిషాలకు రాజీ పడ్డాం. ముందెవరన్నది ఇంకా తేలలేదు.

నా అభిప్రాయం మారలేదు. ఎత్తుకుపోయింది రాజే, తెచ్చుకున్నవాళ్ళు దొంగలు కారు. కానీ ఆ రాయి కథను నేను రాజులతో మొదలుపెట్టాను. అంకుల్ మాత్రం ఇల్లు వదిలి పారిపోతూ పడుకోవడానికి చోటు లేక రాయిని తలగడ చేసుకున్న ఒక కుర్రాడితో మొదలుపెడతారు. వచ్చిన మొదటి వారం కార్పెట్ మీద బ్యాగు తల కింద పెట్టుకుని పడుకున్న నాలాంటి వాళ్ళకు ఏది దగ్గరో మీరే చెప్పండి. మీరూ ఆ కొండల జాతరకు వెళ్ళాలనుకుంటే ఒకటే సలహా: బురదకు పనికొచ్చే బూట్లు వేసుకోండి, మనిషికి రెండు స్వెటర్లు పట్టుకెళ్ళండి, రెండోది ఎవరికో ఒకరికి అవసరపడుతుంది.

అంతదాకా ఎందుకు, వచ్చే శనివారం సాయంత్రం సరిగ్గా ఆరున్నరకు శామ్యూల్ అంకుల్ వాకిట్లోకి రండి. చీకటి పడగానే గరాజ్ తలుపు మీద సినిమా మొదలు. కుర్చీ ఉంటే తెచ్చుకోండి, లేకపోతే దుప్పటి ఆంటీ ఇస్తారు. గేటు దగ్గర పేరు అడుగుతారు. కంగారు పడకండి, భోజనానికే.