ఎండినవి అని రాసిన చెట్లు

ఈ ఉదయం మా అమ్మాయి ఫోన్ చేసి, అత్తగారింటి వెనకవైపు కిటికీలు ఇటుకలతో మూయించేస్తున్నామని చెప్పింది. మామగారికి ఆయాసం ఎక్కువైందట. ఫోన్ పెట్టేసి పాత నోటుపుస్తకం తీశాను. ఏప్రిల్ పదకొండు నాటి పేజీ వెతకనక్కర్లేదు, పుస్తకం అక్కడే తెరుచుకుంటుంది.

మా వియ్యపురాలిది పటాన్‌చెరు దగ్గరి పల్లె. ఇంటి వెనక కంచె వేసి కాపాడుతున్న సన్నటి అడవి, దాని వెనక ఫ్యాక్టరీ. ఆ పొగకూ వాళ్లాయన ఊపిరితిత్తులకూ మధ్య ఉన్నవి ఆ చెట్లే. అటవీ శాఖ వాళ్ల చెట్ల లెక్కకు మనుషులు కావాలని తెలియగానే ఆవిడ నన్ను పిలిచింది. "లెక్కల టీచరువు గద వదినా, జెర నువ్వు రా. లెక్కలకెక్కినంక ఎవ్వడు ముట్టడు" అంది. నేను భీమవరం వైపు నుంచి మావారి ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చినదాన్ని. కొబ్బరి, మామిడి తప్ప పెద్దగా చెట్లు ఎరగను. కానీ కొలవడం తెలుసు.

ఇరవై మీటర్ల చదరానికి తాడు కట్టి, నేల నుంచి నూట ముప్పయ్యేడు సెంటీమీటర్ల ఎత్తున ప్రతి చెట్టుకూ చుట్టుకొలత తీయాలి. ఆవిడకు అది ముక్కు ఎత్తు. "చెట్టుకు రైక కుట్టిస్తవా ఏంది, గిన్ని కొల్తలు?" అని నవ్వింది. గుంపెన, దిరిసెన, మోదుగ అని పేర్లు ఆవిడ చెప్పేది, నేను రాసేదాన్ని. మొత్తం అరవై నాలుగు. కాగితంలో ఆఖరి గడి: బతికినదా, ఎండినదా. ఆకు ఉంటే బతికినట్టు, లేకపోతే ఎండినట్టు అని నేనే నియమం పెట్టుకున్నాను. ముప్పై తొమ్మిదింటికి ఒక్క ఆకు లేదు.

"ఎండకాలం గుంపెనకు ఆకెక్కడిది వదినా? గోటితోని గీకి సూడు, లోపట పచ్చగుంటది."

"గోళ్ల సంగతి కాగితంలో లేదు వదినగారూ. అన్నిటికీ ఒకటే నియమం."

"మీ దిక్కు చెట్లు ఏడాదంత చీర గట్టుకొనే ఉంటయేమో. మా తాన ఎండకాలం ఇప్పేస్తయి" అంది. అంటూనే, టీచరమ్మ మాట కదా అని, నేను ఎండినదన్న ప్రతి చెట్టుకూ తెల్లరంగుతో గీటు పెట్టింది.

ఎండుకట్టెకు నిప్పంటుకుంటుందని మే నెలలో అటవీ శాఖ వాళ్లు గీటున్నవన్నీ కోసేశారు. కబురందుకుని వెళ్లాను. మొద్దుల మీద జిగురు కారుతోంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆ తడి మీద పెట్టింది. "సచ్చినదాన్ల నీళ్లుంటయా వదినా?" అంది. తిట్టినా బాగుండేది. నేను సవరణ పత్రం రాసి ఆఫీసుకు తీసుకెళ్లాను. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. పెరట్లోంచి చూస్తే మిగిలిన ఇరవై ఐదు చెట్ల సందుల్లో ఫ్యాక్టరీ గోడ మొత్తం కనబడుతోంది.

జూన్ ఎనిమిదిన ఆ మొద్దులకు చిగురు పట్టింది. చెట్లు కోసేటప్పుడు తీసిన కంచె సందులోంచి మేకలు దూరి రెండు రోజుల్లో తినేశాయి. నేను కొలిచిన రోజు నుంచి చిగురు పట్టిన రోజుకు యాభై ఎనిమిది రోజులు. ఎన్నిసార్లు లెక్కవేసినా అంతే వస్తుంది. నాకంటే ముందు పుట్టిన చెట్లకు నేను ఇవ్వలేకపోయిన గడువు ఆ కాస్తే.